రుడాల్ఫ్‌కు శాంటా తాత క్షమాపణ చెప్పాడా, లేదా?

పెసరట్టు_అల్లం

మొన్న ఆదివారం సాయంత్రం మా ఏడేళ్ల అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని "రుడాల్ఫ్ ది రెడ్-నోజ్డ్ రెయిన్‌డీర్" చూశాను. మేము టెక్సస్‌కు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడివాళ్లు చిన్నప్పటి నుంచి ఏటా చూస్తున్నామని మురిసిపోతూ చెప్పే ఈ 1964 నాటి బొమ్మల చిత్రాన్ని నేను చూడటం మాత్రం ఇదే మొదలు. అమ్మాయి బడిలో అదే పేరుతో ఉన్న పాట నేర్చుకుని ఇల్లంతా పాడుతుంటే ఏదో ముచ్చటైన కథే అయివుంటుందనుకున్నాను. తీరా చూస్తే, శాంటా బండిని లాగే రెయిన్‌డీర్ల (మంచుదేశపు దుప్పుల) ఇంట్లో ఎర్రగా వెలిగే ముక్కుతో పుట్టిన కొడుకు రుడాల్ఫ్‌ను చూసి కన్నతండ్రే తలవంపులుగా భావించి ఆ ముక్కు మీద బురద మెత్తుతాడు. ఆటలు నేర్పే గురువు తోటి పిల్లలందరి ఎదుటా ఇకమీదట వీడిని ఆటల్లోకి రానివ్వబోమని ప్రకటిస్తాడు. లోకంలోని పిల్లలందరూ ఆశగా ఎదురుచూసే శాంటా తాత అక్కడే నిలబడి, ఆ తండ్రినే సిగ్గుపడమని మందలించి వెళ్లిపోతాడు. చివరికి మంచుతుఫాను కమ్మి శాంటా బండి కదలని పరిస్థితి వచ్చేసరికి అందరికీ అదే ముక్కు అవసరమవుతుంది. చిత్రం అయిపోయాక మా అమ్మాయి, శాంటా వాడికి సారీ ఎందుకు చెప్పలేదని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇది పిల్లలకు చూపించదగిన చిత్రమేనంటారా?

ఏటి_ఒడ్డు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు అన్నారు. ఇందులో మల్లయ్య ముందు బోడివాడు, ఏరు అడ్డం పడ్డాక ఓడవాడు అయ్యాడు. సామెతను తిరగేశారు కానీ మనుషులు మాత్రం మారలేదు.

గోదారి_గట్టు

అరవై ఏళ్ల కిందటి చిత్రాన్ని ఇప్పటి కొలబద్దతో కొలవడం అన్యాయమని నా అభిప్రాయం. అప్పటి తండ్రులు అలాగే ఉండేవారు, అప్పటి గురువులూ అలాగే ఉండేవారు. రుడాల్ఫ్‌ను అందరూ ముద్దు చేసివుంటే వాడు ఇల్లు విడిచి వెళ్లేవాడే కాదు, అప్పుడు కథ ఉండేదే కాదు.

ముక్కుసూటి

గోదారి_గట్టు గారూ, చెడు చూపించారని ఎవరూ తప్పు పట్టడం లేదు. ఆ చెడును చిత్రం ఎవరి నోట పెట్టిందన్నదే ప్రశ్న. రుడాల్ఫ్ కనిపించకుండా పోయినప్పుడు వెతకడానికి తల్లి తానూ వస్తానంటే, అది మగవాళ్లు చేయవలసిన పని అని తండ్రి డానర్ ఆమెను ఆపేస్తాడు. క్లారిస్ అనే ఆడపిల్ల ఒక్కతే ఆ ముక్కు బాగుందని చెబితే, ఎర్రముక్కు వాడితో నా కూతురు తిరగడానికి వీల్లేదని వాళ్ల నాన్న గద్దిస్తాడు. దుర్మార్గుడి నోట ఈ మాటలు వస్తే పిల్లలకు దూరంగా ఉండవలసినవాడు ఎవరో తెలుస్తుంది. ఇక్కడ అన్నదంతా మంచివాళ్లుగా చూపించిన పెద్దలే. మొదటిసారి చూసినప్పుడు నేను ముక్కు మీద వేలేసుకున్నాను. నా పేరుకు అంతకంటే న్యాయం ఇంకెప్పుడూ జరగలేదు.

బొమ్మల_కొలువు

కథ సంగతి మీరు తేల్చుకోండి. నేను ఆ బొమ్మల కోసం చూస్తాను. ఆర్థర్ రాంకిన్, జూల్స్ బాస్ అమెరికాలో ఉండి దీన్ని నిర్మించారు. గొంతులు చాలావరకు కెనడాలోని టొరంటోలో రికార్డయ్యాయి. బొమ్మలను కదిలించిన పనంతా టోక్యోలో తదాహితో మోచినాగా బృందం చేసింది. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో తీయడం, మళ్లీ జరిపి మరొకటి తీయడం. ఒక్క సెకను సినిమాకు 24 ఫ్రేములు కావాలి. రుడాల్ఫ్ బొమ్మ జానెడు కూడా ఉండదు, శాంటా మూరెడు కూడా లేడు. రుడాల్ఫ్‌కు గొంతు ఇచ్చినది నలభై దాటిన బిల్లీ మే రిచర్డ్స్ అనే ఆవిడ అయితే, తెర మీద మగపేరులా కనిపించేలా బిల్లీ రిచర్డ్స్ అని వేశారు.

అసలైన విశేషం ఆ తర్వాత జరిగింది. చిత్రంలో వాడిన రుడాల్ఫ్, శాంటా బొమ్మలు రెండూ నిర్మాణ సంస్థలో పనిచేసిన ఒకావిడ ఇంటికి చేరాయి. ఆ ఇంట్లో ఏటా క్రిస్మస్ చెట్టు కింద నిలబడి, పిల్లల చేతుల్లో నలిగి, రుడాల్ఫ్ ముక్కు పోయింది. జడలబర్రె వెంట్రుకలతో చేసిన శాంటా మీసం సగం ఊడిపోయింది. తర్వాత ఎవరో కొని, బాగుచేయించి, 2020 నవంబరులో వేలానికి పెడితే రెండూ కలిపి 3,68,000 డాలర్లు పలికాయి. మా అమ్మమ్మ కొలువులోని చెట్టియారు బొమ్మకు కూడా చెయ్యి విరిగింది కానీ, అటకమీద నుంచి దింపమని అడిగినవాళ్లే లేరు.

వేయిస్తంభాలు

బొమ్మల_కొలువు గారు చెప్పనిది ఒకటి ఉంది. పేర్లు వేసేచోట రోమన్ అంకెల్లో సంవత్సరం రాస్తూ ఒక ఎం అక్షరం వదిలేశారు. దాంతో 1964 కాస్తా 1164 అయింది. అంటే, మన రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర శాసనం వేయించిన మరుసటి ఏడాదన్నమాట. గోదారి_గట్టు గారు కాలాన్ని బట్టి క్షమించమన్నారు కదా, ఈ లెక్కన ఇంకాస్త ఎక్కువే క్షమించవచ్చు.

పళ్ళడాక్టరు

నేను ముప్ఫై ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. దంతవైద్యుణ్ణి కథానాయకుడి పక్కన నిలబెట్టిన పిల్లల చిత్రం నాకు తెలిసినంతలో ఇదొక్కటే కనుక దీని మీద ఈగ వాలనివ్వను. ఎల్ఫ్‌లంటే శాంటా దగ్గర బొమ్మలు చేసే మరుగుజ్జులు. హెర్మీ అనే కుర్ర ఎల్ఫ్ ఆ బొమ్మలు చేయడం ఇష్టం లేదని, పళ్ళ డాక్టరు అవుతానని అంటే పెద్ద ఎల్ఫ్ అరిచి గోల చేస్తాడు. మా ఇంట్లో మా నాన్నగారు అరవలేదు కానీ, ఎంబీబీఎస్ సీటు రాలేదని బంధువులందరికీ ఆయనే సంజాయిషీ ఇచ్చుకున్నారు. వృత్తిపరంగా నా అభ్యంతరం ఒక్కటే. రుడాల్ఫ్‌ను వేటాడే మంచుభూతం నెత్తిన బండ పడేసి, స్పృహ తప్పిన ఆ రోగికి ఉన్న పళ్లన్నీ హెర్మీ ఒక్క పూటలో పీకెయ్యడం ఏ కాలేజీలోనూ నేర్పరు.

ఏటి_ఒడ్డు

బిల్లు ఎంత వేశాడో కూడా చూపించి ఉంటే ఇంకా సహజంగా ఉండేది.

నరసాపురం_లేసు

నాది వేరే ఫిర్యాదు. మా ఊళ్లో డిసెంబరు నెల వచ్చిందంటే రాత్రి పదింటికి కేరల్స్ బృందం హార్మోనియం, డోలక్కు పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చేది. అమ్మ నిద్రకళ్లతోనే వాళ్లకు టీ పెట్టేది. ఇంటిమీద కాగితపు నక్షత్రంలో బల్బు వెలిగితే, అది ఎవరు పుట్టినందుకు వెలిగిందో మూడేళ్ల పిల్లవాడు కూడా చెప్పేవాడు. ఈ చిత్రం చూస్తున్నంతసేపూ నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. బేత్లెహేము లేదు, పశువుల పాక లేదు, గొర్రెల కాపరులు లేరు. క్రీస్తు పేరు ఎత్తకుండా గంటసేపు క్రిస్మస్ గురించి మాట్లాడగలగడం నిజంగా ఒక నేర్పే. మరుసటి ఏడాదే వచ్చిన చార్లీ బ్రౌన్ క్రిస్మస్ చిత్రంలో ఒక చిన్న పిల్లవాడు వేదిక మీద నిలబడి లూకా సువార్తలోని క్రీస్తు పుట్టుక భాగాన్ని అప్పజెబుతాడు. నా మనవలకు నేను అదే చూపిస్తాను.

పాత_కాగితాలు

నరసాపురం_లేసు గారూ, ఇందులో మీకు గుడి కనిపించకపోవడానికి కారణం ఇది కొట్టులో పుట్టిన కథ కావడమే. 1939లో షికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ అనే పెద్ద దుకాణాల సంస్థ, క్రిస్మస్‌కు వచ్చే పిల్లలకు ఉచితంగా పంచడానికి ఒక పుస్తకం కావాలని తమ దగ్గర ప్రకటనలు రాసే రాబర్ట్ మే అనే ఉద్యోగికి చెప్పింది. ఎర్రముక్కు అంటే తాగుబోతు గుర్తుకొస్తాడని పైవాళ్లు మొదట సందేహించారట. ఆయన రాస్తున్న నెలల్లోనే భార్య క్యాన్సర్‌తో మంచాన పడి కన్నుమూసింది. నాలుగేళ్ల కూతురు పక్కన ఉండగా ఆయన ఆ పుస్తకాన్ని పూర్తి చేశాడు. మొదటి ఏడాదే 24 లక్షల ప్రతులు పంచారు. ఆయన సోదరి భర్త జానీ మార్క్స్ ఆ కథను పాటగా కట్టాడు, 1949లో జీన్ ఆట్రీ పాడాడు. మార్క్స్ యూదుడు. ఈ బొమ్మల చిత్రంలోని పాటలన్నీ కూడా ఆయనవే.

పెసరట్టు_అల్లం గారు అడిగినదానికి పనికొచ్చే సంగతి ఆ పుస్తకంలో ఒకటి ఉంది. మే రాసిన కథలో రుడాల్ఫ్ శాంటా కొలువులోని వాడే కాదు, మామూలు పల్లెలో ఉండే పిల్లవాడు. తోటి పిల్లలు వెక్కిరిస్తారు కానీ, తల్లిదండ్రులు వాడిని చూసి సిగ్గుపడరు. పొగమంచులో దారి వెతుక్కుంటూ బహుమతులు పంచుతున్న శాంటా వాడి గదిలో వెలుగు చూసి, నిద్రలేపి, సాయం అడుగుతాడు. బురద మెత్తే తండ్రి, చిన్నబుచ్చే శాంటా పాతికేళ్ల తర్వాత టీవీ వాళ్లు కలిపిన సరుకు.

ముక్కుసూటి

అంటే అసలు రచయిత మర్యాదస్థుడేనన్నమాట. గంటసేపు నడపాలంటే ఏడుపు కావాలి కనుక టీవీ వాళ్లు తండ్రిని చెడగొట్టారు. మన సీరియళ్లను అనవసరంగా తిడుతున్నాం.

తాటిచెట్టు

ఈ పేరు నేను పెట్టుకున్నది కాదు, ఏడో తరగతిలో నాకు పెట్టినది. పదమూడేళ్లకే అయిదడుగుల తొమ్మిది అంగుళాలు ఉండేదాన్ని. వరుసలో చివర, ఫొటోలో చివర, నాటకం వేస్తే చెట్టు వేషం నాకే. ఆ తర్వాత ఒక ఏడాది జిల్లా స్థాయి వాలీబాల్ పోటీలు వచ్చాయి. అంతవరకు నన్ను "ఒసేయ్ తాటిచెట్టూ" అని పిలిచిన పీటీ టీచరే మా ఇంటికి వచ్చి, మా నాన్నను "అమ్మాయిని పంపించండి సార్" అని అడిగారు. ఆవిడ ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. అయినా నెట్ దగ్గర నేను ఎగిరి కొట్టిన మొదటి బంతి అవతలి కోర్టులో పడినప్పుడు, మా స్కూలు పిల్లలంతా నా పేరు పెట్టి, అసలు పేరు పెట్టి, అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ సంతోషంలో కల్తీ ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందుకే రుడాల్ఫ్ బండికి ముందు నిలబడే ఘట్టం వస్తే, తప్పంతా ఎవరిదో తెలిసి కూడా, నాకు కళ్ళ నీళ్లు ఆగవు.

వెనక_బెంచీ

తాటిచెట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు వాలీబాల్ పోటీలు వచ్చాయి. నాకు రాలేదు. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. మాస్టారు హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనే మాట బయటికి రావడానికి నాకు పట్టే సమయంలో క్లాసంతా నవ్వడం పూర్తయిపోయేది. నత్తి అవసరమయ్యే పొగమంచు ఈ భూమ్మీద ఎక్కడా పడదు. ఈ చిత్రం మా ఆఫీసులో ఎవరో పెడితే చూశాను. ముక్కు దీపంలా పనికొచ్చింది సరే, ఉత్త ముక్కుగానే మిగిలిపోయి ఉంటే వాడి గతేమిటన్న ఆలోచన నన్ను వదల్లేదు. చిత్రంలో ఎవరికీ అక్కర్లేని బొమ్మలు చేరే దీవి ఒకటి ఉంటుంది. నాకు రుడాల్ఫ్ కంటే ఆ దీవిలోని బొమ్మలే దగ్గరివాళ్లు. చతురస్రాకారపు చక్రాల రైలు పెట్టె, నీళ్లకు బదులు జెల్లీ చిమ్మే తుపాకీ, చుక్కల ఏనుగు. వాటికి ఏ ప్రత్యేక శక్తీ లేదు. ఎవరైనా ఒక పిల్లవాడు ఇంటికి తీసుకువెళితే చాలని మాత్రమే అవి అడుగుతాయి.

గోదారి_గట్టు

వెనక_బెంచీ గారు చెప్పిన తర్వాత నా మొదటి మాటను కొంత వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆ దీవిలో ఒక ఆడపిల్ల బొమ్మ ఉంటుంది, దానికి ఏ లోపమూ కనిపించదు. దాన్ని ఎందుకు అక్కడ పెట్టారో ఎవరికైనా అర్థమైందా?

బొమ్మల_కొలువు

ఆ బొమ్మకు లోపం పైకి కనిపించేది కాదని, ఆడుకున్న పాప వదిలేయడంతో మనసు దెబ్బతిన్నదని నిర్మాత రాంకిన్ చాలా ఏళ్ల తర్వాత వివరణ ఇచ్చాడు. నలభై ఏళ్లపాటు జనం అడిగీ అడిగీ విసిగించారు కనుక చెప్పిన జవాబేమో అని నా అనుమానం.

పాత_కాగితాలు

వెనక_బెంచీ గారు ఆ బొమ్మల దగ్గర ఆగడం నాకు సంతోషంగా ఉంది. ఎందుకంటే 1964 డిసెంబరు 6న మొదటిసారి ప్రసారమైనప్పుడు ప్రేక్షకులు ఆగినదీ అక్కడే. వాటన్నిటికీ ఇళ్లు చూపిస్తానని శాంటా మాట ఇస్తాడు. ఆ మాట నిలబెట్టుకున్న దృశ్యం మాత్రం మొదటి ప్రతిలో లేనే లేదు. మాట ఇచ్చి మరిచిపోయాడని చూసినవాళ్లు ఉత్తరాలు రాశారు. దాంతో 1965లో శాంటా బండి ఆ దీవిలో దిగి బొమ్మలను ఎక్కించుకునే దృశ్యాన్ని కొత్తగా తీసి చేర్చారు. దానికి చోటు చేయడానికి, రుడాల్ఫ్‌తో కలిసి తిరిగే గనుల వేటగాడు యూకాన్ కార్నీలియస్‌కు పిప్పరమెంటు గని దొరికే ముక్కను తీసేశారు. అతను గడ్డపలుగును నేలకు కొట్టి నాకి చూస్తుండటం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ముక్క పోవడంతో, పాపం, తరతరాల ప్రేక్షకులు అతను బంగారాన్ని నాలుకతో వెతుకుతున్నాడనుకున్నారు.

ఇక అసలు ఫిర్యాదు సంగతి. క్షమాపణ చిత్రంలో ఉంది. రుడాల్ఫ్ బృందం తిరిగి వచ్చి తమ కథంతా చెప్పాక పెద్ద ఎల్ఫ్ హెర్మీని పళ్ళ ఆసుపత్రి పెట్టుకోమంటాడు, డానర్ తన ప్రవర్తనకు మన్నించమంటాడు, శాంటా కూడా తనదే పొరపాటేమోనని గ్రహిస్తాడు. ఇదంతా మంచుతుఫాను వార్త రాకముందే జరుగుతుంది. పాటలో ఆ వరస లేదు. పాటలో పొగమంచు పడ్డాకే ప్రేమ పుడుతుంది. చిత్రం రాసిన రోమియో ముల్లర్ ఆ లోపాన్ని చూసే ఈ కొద్ది క్షణాలను ముందు పెట్టాడని నేను నమ్ముతున్నాను. ఏటి_ఒడ్డు గారి మల్లయ్య సామెత పాటకు సరిగ్గా సరిపోతుంది, చిత్రానికి సగమే సరిపోతుంది.

ఏటి_ఒడ్డు

సగం మల్లయ్యనైనా నాకు మిగిల్చినందుకు కృతజ్ఞుణ్ణి.

పెసరట్టు_అల్లం

పాత_కాగితాలు గారూ, మీరు రాసినది చదివి నిన్న రాత్రి మళ్లీ పెట్టి చూశాను. ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ భాగం వచ్చే వేళకు నేను పెనం మీద అట్టు మాడుతోందని వంటింట్లోకి వెళ్లాను, నా వెనకే అమ్మాయీ వచ్చింది. మేము తిరిగి వచ్చేసరికి తెరమీద మంచుతుఫాను వచ్చేసింది. కనుక నా ఫిర్యాదులో సగం బాధ్యత నా పేరుకే చెందుతుంది.

మిగిలిన సగాన్ని మాత్రం నేను వదులుకోను. శాంటా తన పొరపాటు గ్రహించాడన్న మాట శాంటా నోటి నుంచి రాలేదు. కథ చెబుతున్న మంచుమనిషి ఆయన తరఫున ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు సాగిపోతాడు. మా అమ్మాయి కూడా అదే పట్టుకుంది. నేను తమ్ముణ్ణి కొడితే సారీ నా చేతే చెప్పిస్తావు, నువ్వు నా బదులు చెప్పవు కదా అని అడిగింది.

నరసాపురం_లేసు

ఆ పిల్లను మా సండేస్కూలుకు పంపించండి, పాఠం తనే చెబుతుంది.

ముక్కుసూటి

అదే నేను అన్నదీ. పెద్దలకు మధ్యవర్తి దొరికాడు, పిల్లవాడికి దొరకలేదు.

వెనక_బెంచీ

బొమ్మల కోసం ఉత్తరాలు రాసినవాళ్లు 1964లోనే శాంటా నోటి మాట కోసం కూడా రాసివుంటే, ఆ దృశ్యం కూడా మరుసటి ఏడాది వచ్చి ఉండేదేమో.

తాటిచెట్టు

రాసివుంటే ఇంకొకటి కూడా రాయవలసింది. కొత్తగా కలిపిన ఆ ముగింపులో ఎల్ఫ్ ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క గొడుగు ఇచ్చి బండి మీద నుంచి కిందికి వదులుతాడు. పక్షి వంతు వచ్చేసరికి పక్షే కదా, ఎగురుతుంది కదా అనుకుని గొడుగు ఇవ్వకుండానే వదిలేస్తాడు. ఆ పక్షి దీవిలో చేరిందే ఎగరలేక, ఈదడం మాత్రమే వచ్చి! అరవై ఏళ్లుగా అది అలా పడుతూనే ఉంది.

గోదారి_గట్టు

ఇన్నేళ్లు చూసి నేను అది గమనించనే లేదు. ఇక ఈ చిత్రాన్ని ప్రశాంతంగా చూడలేను.

పెసరట్టు_అల్లం

తాటిచెట్టు గారు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించడం పొరపాటయింది. చివరి భాగాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పించి, నిజమేనని నిర్ధారించుకుని, క్యాలెండరు కాగితంతో చిటికెన వేలంత గొడుగు ఒకటి చేసింది. పక్షి పడేచోట ఆపి, టీవీ మీద సరిగ్గా దాని పైకి ఆ గొడుగును అంటించింది. అన్నం మెతుకుతో అంటించింది. ఇప్పుడు వార్తలు చదివే ఆయన తలమీద కూడా ఆ గొడుగే ఉంటోంది.

పళ్ళడాక్టరు

మెతుకు ఎండిపోయాక గోటితో గీకకండి, తెర పాడవుతుంది. తడిబట్ట ఒక నిమిషం అదిమిపెట్టి ఉంచితే దానంతటదే వస్తుంది. పక్షి కిందికి చేరాకే తీయండి.